పెన్షన్ వచ్చిన మర్నాడు

తిరుపతి,
12-6-1983

కాళహస్తిలో పాత్రల అంగట్లో కూర్చుని ఈ జాబు విప్పుతున్న మా ఇంటాయనకు,

పంకజాక్షి నమస్కారాలు. నేను క్షేమం. అత్త మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? పూజగది అలమరలో తైలం సీసా ఉంది, మీ తమ్ముడి భార్య వకుళను రెండు పూటలా రాయమనండి. మదనపల్లె నుంచి మన అమ్మాయి గోదాదేవి జాబు రాసిందా?

వచ్చి ఇన్ని రోజులైనా రాయలేదని మీకు ఒళ్ళు మండే ఉంటుంది. నిజం చెప్తున్నాను, రాద్దామని కూర్చుంటే కునుకు వచ్చేది. ముప్పై మూడేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషిని, కాగితం ముందు పెట్టుకుని తూగుతున్నాను. సర్కారు వారు ఉన్నట్టుండి రిటైరయ్యే వయసు తగ్గించి, యాభై ఐదుకే చాల్లే పొమ్మని దండ వేసి పంపిన రోజు నుంచీ ఇదే నిద్ర.

ఇక్కడ పని కష్టమేమీ కాదు. ఒక పూట పనే. తెల్లవారి అయిదింటికి సత్రం ఆఫీసులో కూర్చోవాలి. ఆడవాళ్ళకు గది తాళాలివ్వడం, కొండకు పోయేవాళ్ళ మూటలు తీసుకుని చీటీ ఇవ్వడం, తిరిగొచ్చాక ఎవరి మూట వారికి అప్పజెప్పడం. పదకొండుకు మేనేజరు పెంచలయ్య వస్తాడు, నేను లేస్తాను. మెట్ల కింద నాకొక గది ఇచ్చారు. భోజనం సత్రంలోనే. ఒకటే చిక్కు. ఇక్కడ ఎవరినీ మూడు రోజులకు మించి ఉంచకూడదని రూలు. "ఇంగొక్క దినం ఉండనీమ్మా" అని ముసలమ్మలు బతిమాలితే కాదనడం నాకు చేతకావడం లేదు.

అత్త అడిగితే ఇట్లా చెప్పండి. పెన్షన్ కాగితాలు హైదరాబాదులో ఉన్నాయి. ఒకేసారి అంతమందిని ఇంటికి పంపారు కాబట్టి ఆలస్యమవుతుందంటున్నారు. అంగడి రాబడి ఒక్కటే పదిమందికి చాలదు కదా, అంతవరకూ ఈ ఒకపూట పని. పెన్షన్ వచ్చిన మర్నాడే బస్సెక్కి ఇంటికొచ్చేస్తాను. ఇది నా మాట.

నిద్రకళ్ళతో,
పంకజాక్షి


కాళహస్తి,
3-7-1983

పంకజా,

దేవరాజులు రాసేది. నీ జాబు అందింది. ఈడ అందరం బాగుండామని రాయాల గానీ, బాగలేము.

కాఫీ ఏడింటికి వస్తా ఉండాది. ఏడింటికి! నువ్వుండంగా నాలుగింటికే పొయ్యి రగిలేది, నేను మొగం కడుక్కొని వచ్చేసరికి లోటా చేతికొచ్చేది. ఇప్పుడు అంగడి తెరిచి, ఇద్దరికి బిందెలు అమ్మినాక కాఫీ తెస్తారు, అది కూడా చల్లారింది. చారులో ఒకనాడు ఉప్పుండదు, ఒకనాడు ఉప్పే ఉంటుంది. వకుళను ఏమన్నా అంటే కండ్లనీళ్ళు పెట్టుకుంటుంది, ధనంజయ మొగం మాడ్చుకుంటాడు. అన్నదమ్ములం ఒకే గల్లాపెట్టె దగ్గర కూర్చొని మాట్లాడుకోకుండా ఉండేది ఎంత కష్టమో నీకు తెలీదు.

అమ్మ పొద్దున లేస్తే ఒకటే పాట. "ఉద్యోగం ముగిసినాక గూడా పెద్దకోడలు ఇంటికాడ ఉండకపోతే ఎట్లరా అబ్బా? ఊర్లో వాళ్ళకు నేనేం సెప్పేది?" అంటుంది. పెన్షన్ రాలేదని చెప్పినాను. "పెన్షన్ వస్తే ఈడికే వస్తాది కదా, ఆయమ్మ ఆడుంటే తొందరగా వస్తాదా?" అనింది. దానికి బదులు నువ్వే రాయి.

అల్లపు ఊరగాయ జాడీ యాడ పెట్టినావు? పిండి మిషనోడికి ఏ వారం పంపుతావు? పాలామెకు లెక్క చెప్పేది ఎట్ల? ఇవన్నీ నీ తలకాయలోనే ఉండాయి. నేను రావాలనే అనుకుంటాను, గంట బస్సే కదా, కానీ అంగడి విడిచి కదిలేదానికి కుదరదు.

తొందరగా రావాల్సింది.
దేవరాజులు


తిరుపతి,
25-9-1983

మా ఇంటాయనకు,

జాడీ అటక మీద, ఎడమవైపు. పిండికి శనివారం. పాలామె లెక్క వంటింటి గోడ మీద బొగ్గు గీతల్లో ఉంది, ఆమెకే తెలుసు, ఆమె అబద్ధమాడదు.

మీరు పోయిన జాబులోనూ అంతకు ముందు జాబులోనూ అడిగిన వాటన్నిటికీ బదులు రాస్తాను. ముందు నాకు చెప్పాలనిపించినది ఒకటి రాయనివ్వండి.

ఇక్కడ వంటాయన మునస్వామి అని, తమిళ సరిహద్దు మనిషి. పదకొండున్నరకు పంక్తి కూర్చుంటుంది. మొదటి రోజు నేను అలవాటు కొద్దీ వంటశాలలోకి పోయి గరిటె అందుకున్నాను. "అదేందమ్మా, మీరు పోయి కూసోండి" అన్నాడు. కూర్చున్నాను. ఆకు వేశారు. వేడన్నం వడ్డించారు. నేను సగం తినేసరికి మునస్వామి బకెట్టు పట్టుకుని నా ముందు వంగి, "అమ్మా, ఇంకొంచెం సాంబారు పోసేదా?" అన్నాడు. నాకు ఉన్నట్టుండి కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. ఆయన భయపడి, "కారం ఎక్కువైందామ్మా?" అన్నాడు. అవునన్నాను. ఆ మర్నాటి నుంచి పాపం సాంబారులో కారం తగ్గించాడు. చప్పగా ఉంటోంది, అయినా నోరు తెరవలేను.

ఇంకొకటి. దర్శనమైపోయినా కొందరు ఆడవాళ్ళు బస్సు కోసం తొందరపడరు. మగవాళ్ళు "పదండి పదండి" అంటూ ఉంటారు. వీళ్ళు వరండాలో స్తంభానికి ఆనుకుని కాళ్ళు చాపుకుని ఊరికే కూర్చుంటారు. దండం పెట్టరు, మాట్లాడుకోరు. పదకొండుకు వస్తూనే పెంచలయ్య వాళ్ళను లేపమంటాడు. నేను వినపడనట్టు చీటీలు రాసుకుంటాను.

మధ్యాహ్నం పూట నిద్రపోతున్నాను. పగలు పడుకోవడం ఇంత బాగుంటుందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

పెన్షన్ సంగతి అడిగారు. చెప్పేదేమీ లేదు.

పంకజాక్షి


కాళహస్తి,
22-10-1983

పంకజా,

దీపావళికి నువ్వు రావాల. రాకపోతే బాగుండదు. గోదాదేవి అల్లుడితో వస్తా ఉండాది, అల్లుడి అమ్మానాయనా కూడా వస్తారంట. ధనంజయ మామగారోళ్ళు వస్తారు. ఇంతమందికి వకుళ ఒక్కతే చేయలేదు, చేసినా ఎవరూ తినలేరు. అమ్మ అప్పుడే "పెద్దకోడలు వస్తే అలసంద వడలు, సుఖియలు" అని వచ్చినోళ్ళకంతా చెప్పుకుంటా ఉండాది.

పెంచలయ్యను రెండు దినాలు సెలవడుగు. ఇయ్యకపోతే నా పేరు చెప్పు. సత్రానికి అండాలు మన అంగట్లోవే, మరిచిపోయినాడేమో.

సత్రంలో సాంబారు సంగతి చదివి నవ్వుకున్నాను. పరాయోడు వండిన తిండికి కండ్లనీళ్ళు పెట్టుకుంటారా ఎవరన్నా?

దేవరాజులు


తిరుపతి,
9-11-1983

మా ఇంటాయనకు,

క్షేమంగా చేరాను. పండగ బాగా జరిగింది కదా, అందరూ కడుపునిండా తిన్నారు కదా. అంతే చాలు. వడల నూనె చింది చేతి మీద పడిన చోట బొబ్బ ఎక్కింది, మునస్వామి ఏదో ఆకు పసరు పూశాడు.

వచ్చిన రోజు మధ్యాహ్నం పడుకుంటే మర్నాడు పెంచలయ్య తలుపు తట్టి లేపాల్సి వచ్చింది.

బస్సు దగ్గర "పెన్షన్ ఇంకా రాలేదా?" అని మీరడిగితే తల అడ్డంగా ఊపాను. ఇప్పుడూ అదే బదులు.

పంకజాక్షి


కాళహస్తి,
15-12-1983

పంకజాక్షికి,

పంకజా అని రాయబుద్ధి కాలేదు.

సోమవారం అంగడి ధనంజయకు అప్పజెప్పి మన ఊరి ట్రెజరీకి పోయినాను. నీ పెన్షన్ సంగతి నేనన్నా పట్టించుకుందామని. చేతిలో కొత్త స్టీలు క్యారియరు, నాలుగు గిన్నెలది, అంగట్లో ఉండేదాంట్లో మంచిది. ఆడ గుమాస్తా పరంధామయ్య కొంచెం మెత్తబడతాడని. పెన్షన్ తీసుకునే ముసలోళ్ళు వరసగా నిలబడి ఉండారు. ఏడాదికోసారి బతికుండామని కనపడి పోవాల కదా. నేనూ ఆ వరసలోనే నిలబడినాను. నా వంతు వచ్చినాక, "మా ఇంటామె కాగితాలు ఇంకా రాలేదప్పా, ఒకసారి సూడు" అని క్యారియరు బల్ల మీద పెట్టినాను.

పరంధామయ్య నన్నూ క్యారియరునూ మార్చి మార్చి చూసినాడు. "టీచరమ్మ పెన్షన్ వినాయకచవితి అప్పుడే వచ్చేసె గదప్పా. ఆయమ్మే వచ్చి తిరుపతి ట్రెజరీకి మార్పించుకొని పోయింది. నెలనెలా ఆడ తీసుకుంటా ఉండాది. బతికుండానని గూడా ఆడే కనపడింటాది. నీకు తెలీదా?" అన్నాడు.

నా వెనక నిలబడినాయన కిసుక్కున నవ్వినాడు. "తెలుసప్పా, మరిచిపోయినా" అని క్యారియరు చంకన పెట్టుకొని వచ్చేసినాను. పరంధామయ్యకు ఇయ్యకుండానే తిరిగి తెచ్చిన క్యారియరు అది. ఇంటికి తీసకపోలేక, అంగట్లో పెట్టలేక గల్లాపెట్టె కింద తోసినాను.

ఊరికొచ్చి ఇంటికి రాకుండా పోయినావు. ట్రెజరీకీ మన అంగడికీ నడుమ ఒక్క వీధి. నీ బస్సు అంగడి ముందర నుంచే పోయింటాది. నేను ఆ పొద్దు ఏం చేస్తా ఉన్నానో, నువ్వు కిటికీలో నుంచి ఏం చూసినావో. దీపావళికి వచ్చినప్పుడు బస్సు కాడ తల అడ్డంగా ఊపినావే, ఆ తల ఊపింది నాకు కండ్ల ముందర నుంచి పోలేదు.

నేనేం చేసినాను? తిట్టినానా, కొట్టినానా? నీ జీతం ఒక్క పైసా నా సరదాకు అడిగినానా? అంతా ఇంటికే కదా పోయింది. నా మీద ఇంత విరక్తి ఎందుకు పుట్టింది? రాను అని రాసుంటే కోపమొచ్చేది, అంతే. ఇట్ల వరసలో నిలబడి సిగ్గుపడే పని ఉండేది కాదు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నిజం రాయి. అబద్ధం రాసేదానికైతే స్టాంపు దండగ.

దేవరాజులు


తిరుపతి,
22-12-1983

ప్రియమైన మీకు,

ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఇట్లా పిలవలేదు. ఈ జాబులోనైనా పిలవాలనిపించింది.

నిజమే రాస్తున్నాను. పెన్షన్ వచ్చింది. మార్పించుకోవడానికి మన ఊరికి వచ్చాను. మీరు అనుకున్నట్టు బస్సు కిటికీలోంచి చూసి పోలేదు. అంగడి ఎదుట, పూలామె పక్కన నిలబడి చూశాను. మీరు ఎవరికో రాగి బిందె తూచి ఇస్తున్నారు. చొక్కా కాలరు చిరిగి ఉంది. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. పిలిస్తే ఇంటికి పోవాలి. పోతే కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి పోవాలి. అప్పటికి పదిన్నర, మధ్యాహ్నం వంట వేళ. నాకు ఒళ్ళంతా భయం వేసింది. వచ్చేశాను.

మీ మీద విరక్తి కాదండీ. నాకు అలుపు. అంతే. ఇంతకంటే పెద్ద కారణం వెతకొద్దు, లేదు.

నాలుగింటికి లేచి పదిమందికి పొద్దుటి టిఫిను, మధ్యాహ్నానికి వంట చేసి, మీకు క్యారియరు కట్టి, పరుగెత్తి తొమ్మిదింటి బస్సు పట్టుకునేదాన్ని. బడిలో కుర్చీ ఉండేది. ఆ కుర్చీలో కూర్చున్నాకే ఆ రోజు మొదటిసారి కూర్చున్నట్టు. అందరూ బడికి సెలవులెప్పుడా అని చూస్తారు, నేను వేసవి సెలవులంటే వణికిపోయేదాన్ని. నన్ను సాగనంపిన రోజు దండ వేస్తే బోరుమని ఏడ్చాను కదా. టీచరమ్మకు బడి మీద ఎంత ప్రేమో అని హెడ్‌మాస్టరు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. నేనేడ్చింది రేపటి నుంచి పట్టుకోవడానికి తొమ్మిదింటి బస్సు ఉండదని.

ఉద్యోగం చేసినందుకు పెన్షన్ ఇచ్చి ఇక చాలు, కూర్చో అన్నారు. కూర్చోవడానికి నాకు ఇంట్లో చోటు కనపడలేదు. అందుకే ఇంకో ఉద్యోగం వెతుక్కున్నాను. ఈ ఒకపూట పనిలో నేను కూర్చునే ఉంటాను, చూశారా. పని అయ్యాక నా ఆకు ముందు కూర్చుంటాను. ఇక్కడ ట్రెజరీలో బతికి ఉన్నట్టు కనపడి రమ్మంటే, ఒంటి మీద మంచి చీర కట్టుకుని పోయాను.

మీరు తిట్టలేదు, కొట్టలేదు. నిజమే. కానీ పెళ్ళైన నాటి నుంచి ఈనాటి దాకా "నువ్వు తిన్నావా?" అని ఒక్కసారి అడగలేదు. మీరు రాసిన జాబులన్నీ మళ్ళీ చదివాను. కాఫీ ఉంది, జాడీ ఉంది, పిండి ఉంది. నేను లేను. మీ తప్పని అనడం లేదు. మీకు తట్టలేదు, నేనూ నోరు తెరిచి చెప్పలేదు. మీ ఒక్కరికి వండిపెట్టడమే అయితే నాకు విసుగు లేదు.

నేను లేని ఆ పొయ్యి ముందు ఇప్పుడు వకుళ ఉంటుంది. అది తలుచుకున్న రోజు నాకు అన్నం దిగదు. అయినా నేను రాను. ఎంత చెడ్డదాన్ననిపించుకున్నా రాను. అబద్ధం చెప్పినందుకు మాత్రం మన్నించండి. పెన్షన్లో సగం నెలనెలా అత్త పేరున మనియార్డరు చేస్తాను, ఇంటి ఖర్చుకు.

కోపమొచ్చినా సరే, బదులు రాయండి. మీరు ఊరుకుంటే నేను తట్టుకోలేను.

మీ
పంకజాక్షి


కాళహస్తి,
5-2-1984

పంకజా,

నెలపైన అయింది, ఊరకుండినాను. కోపంతోనే ఊరకుండినాను, అబద్ధమెందుకు. నీ జాబు చొక్కా జేబులో పెట్టుకొని తిరిగినాను. చిరిగిన కాలరు సంగతి నువ్వు రాసినాకే చూసుకున్నాను.

సంక్రాంతి పోయినాక ఒకనాడు నాలుగింటికి లేచినాను. నువ్వు రాసింది ఎంతవరకు నిజమో చూద్దామని, నిన్ను తప్పు పట్టాలనే. వంటింటి గడప మీద కూర్చున్నాను. వకుళ నన్ను చూసి అదిరిపడి, "ఏం బావా, కడుపునొప్పా?" అనింది. కాదు, ఊరికే అన్నాను. అంగడికి పోకుండా పదింటిదాకా ఆడే కూర్చున్నాను. ఆయమ్మ ఒక్కసారి కూర్చోలేదు. నడుమ్మీద చెయ్యి పెట్టుకొని పొయ్యి ఊదుతా ఉండాది. "నువ్వు తిన్నావామ్మా?" అని అడిగినాను. నేనేదో కోపంగా అంటున్నాననుకొని ఏడ్చేసింది. తిన్నావా అని అడిగితే ఏడుస్తారని ఇప్పుడు తెలుసుకున్నాను. నీ సాంబారుకు నవ్వినాను కదా. ఇంక నవ్వను.

పోయిన ఆదివారం అమ్మ పట్టుకునింది. "ఆ జేబులో కాగితమేంది, ఎప్పుడూ తడుముకుంటావు? పెద్దకోడలు ఏం రాసింది?" అని. దాచి దాచి నాకూ విసుగు పుట్టింది. ధనంజయ, వకుళ అందరూ ఉండంగానే నీ జాబు మొదట్నుంచీ చివరిదాకా చదివినాను. అమ్మ నోరు నీకు తెలుసు కదా. ఊరంతా వినపడేటట్టు అరుస్తుంది, నీ పుట్టింటోళ్ళందర్నీ వరసగా తిడుతుంది అనుకున్నాను.

అమ్మ రెండు చేతులతో మోకాళ్ళు నొక్కుకునింది. తర్వాత, "దాంట్లో తప్పేముందిరా?" అనింది. "దానికి ముప్పై మూడేండ్లకు సర్కారోళ్ళు సాల్లేమ్మా అన్నారు. నాకెవురన్నారు సాలని? ఓణీ ఏసుకునే వయసులో ఈ పొయ్యి కాడికొస్తిని. మోకాళ్ళు పనికిరాకుండా పోతేనే కదా నన్ను కూసోబెట్టింది. కూసున్నంక నేనూ పనికిరాని దాన్నయితి. నేనూ సాలనే అనుంటా అబ్బా, ఎవురికి సెప్పేది? మీ నాయనకా?"

ధనంజయ లేచి బయటికి పోయినాడు. వకుళ అమ్మ పక్కన పోయి కూర్చునింది. నేను ఆయమ్మ కడుపున పుట్టి అరవై ఏండ్లు కావస్తా ఉండాది, అమ్మకు అలుపుంటుందని నాకు ఒకనాడూ తట్టలేదు పంకజా.

కొంచెంసేపయినాక అమ్మ నన్ను మళ్ళీ దగ్గరికి పిలిచి, మెల్లగా అడిగింది. "ఆ వంటాయప్ప నిజంగానే అడుగుతాడా, ఇంకొంచెం పోసేదా అని?" అడుగుతాడంట అన్నాను. "వంగి అడుగుతాడా?" వంగే అడుగుతాడంట అన్నాను. "అయితే నన్నొకసారి ఆడికి తీసకపో" అనింది.

శుక్రవారం పొద్దున బస్సుకు తీసుకొస్తా ఉండాను. కిందనే ఒక గది తీసిపెట్టు, అమ్మ మెట్లెక్కలేదు. ఒక్క మాట. అమ్మకు నువ్వు వడ్డించద్దు. నువ్వు పక్కన కూర్చొని తిను. మునస్వామినే వడ్డించమని చెప్పు, కారం కూడా తగ్గించకుండా ముందటిమాదిరే వేయమను. గల్లాపెట్టె కింద ఉండే క్యారియరు తెస్తాను, ఆ సాంబారు దాంట్లో పోసిస్తే నేను కూడా రుచి చూస్తాను.

నిన్ను రమ్మని రాయలేదు, చూసినావు కదా. ఈడ పొద్దున వంటకు ఒకామెను పెట్టినాము. కాఫీ నేనూ ధనంజయ కలుపుకుంటాము, అది కాఫీ అని మేము అనుకుంటాము. మధ్యాహ్నం వకుళ పడుకుంటే ఎవరూ లేపకూడదని అమ్మే రూలు పెట్టింది. ఆదివారాలు అంగడి మూసి నేనే నీ దగ్గరికి వస్తాను, పెంచలయ్యకు చెప్పిపెట్టు. మనియార్డరు పంపద్దు. నీ పెన్షన్ నీదే.

సత్రంలో మూడు దినాలకు మించి ఉండనియ్యరమ్మా, అది రూలు అని అమ్మకు ముందే చెప్పినాను. "తాళాలిచ్చేది నా కోడలే కదరా, ఇంగొక్క దినం ఉండనీమ్మా అని నేనే అడుక్కుంటాలే" అనింది.

తిన్నాకే బదులు రాయి.

మీ ఇంటాయన
దేవరాజులు